అవ్వ మాట ముగియు వఱకు

ఆషాఢమాసారంభమున నొక యపరాహ్ణవేళ కాకినాడ పట్టణమునందు గాలికి నిలుకడ లేకుండెను. పశ్చిమదిక్కునుండి వీతెంచు ప్రచండమారుతము నీలజీమూతసమూహములను సముద్రము వంకకు తఱుముచు నవి యచ్చట నిలిచి కురియుదమా మానుదమా యని తలపోయులోపలనే చెదరగొట్టుచు మేడలమీద నారవేసిన చీరలను దీగెలకు పెనవేయుచు కూడళ్లయందలి ఫ్లెక్సీలను చింపుచు కాలువయొడ్డున గట్టివేసిన పడవలను ఒకదానితో నొకటి యొరయజేయుచు నూరినంతటిని క్షణమాత్రమైన కుదురుగా గూర్చుండనీయకుండెను. వాన వచ్చునట్లుండి రాదు. ఎండ కాయునట్లుండి కాయదు. గొడుగు తెచ్చుకొన్నవారును తెచ్చుకొననివారును సమానముగా విసుగుకొనుచుండిరి.

ఆ వేళనే గాంధీనగరమునందలి యొక మేడమీది గదిలో పాత ఆటల సంఘమువారు కూడియుండిరి. పాత ఆటలన్నంతనే గోళీలనియు బొంగరములనియు చదువరి యూహించినచో అది తొందరపాటగును. టీవీకి తగిలించి కంట్రోలర్ చేతబట్టి యాడు వీడియో గేములలో కాలము చెల్లి మూలబడినవియు బొమ్మలు గళ్లు గళ్లుగా గనబడునవియు నేటి పిల్లలు చూచి ఫక్కున నవ్వునవియు నేవి గలవో యవియే యీ సంఘమువారికి పెన్నిధి. ఆడుటయే వీరి ముఖ్యకృత్యమనుకొందురేమో, అదియును పొరపాటే. ఒకరికొకరు ఆటలు చెప్పుకొనుటయే వీరి ముఖ్యకృత్యము. తనకు నచ్చిన యాటను వేఱొకనిచేత నాడింపనిదే వీరిలో నొకనికి అన్నము సహింపదు. ఆ వేఱొకడు దానిని మెచ్చుకొను వఱకు నిద్ర పట్టదు. పెండ్లిసంబంధములు కుదుర్చువారు సైత మింత పట్టుదల చూపుట నేనెఱుగను.

సంఘమున రెండు శాఖలు గలవు. కథలో నొక పాత్రను ధరించి యూరూర దిరుగుచు నెదురుపడిన ప్రతివానితో ముచ్చటలాడుచు పాడుబావులలో తొంగిచూచుచు నెలలతరబడి యొక్క కథనే నడుపు రోల్ ప్లేయింగ్ ఆటలవారు మొదటి శాఖ. కార్ల పందెములవారు రెండవ శాఖ. వీరికి బ్రేకన్న గిట్టదు. ఈ రెండు శాఖలకును గల వాదము లెన్నడు తెమలునవి కావు గాని యుభయులును శిరసావహించు నియమములు మాత్రము రెండు గలవు. ఆట యంతమున నేమి జరుగునో నోరుజాఱినవాడు సంఘద్రోహి యనునది మొదటిది. ఎవ్వడు ఆట చెప్పెనో వాడు ఆడువారు తుదిఘట్టము చేరునాడు ప్రక్కన గూర్చుండి చూచి తీరవలెననునది రెండవది. దీనిని వారు సాక్షి కూర్చుండుట యందురు. తెలియని ఆట తెలిసినట్లు చెప్పిన మానవుని మొగము ఆనాడు బయటపడకపోదు గదా.

పందెముల శాఖకు తలకాయవంటివాడు వాసంశెట్టి త్రిమూర్తులు. మందుల కంపెనీకి రెప్రజెంటేటివ్. దినమంతయు డాక్టర్ల గుమ్మములయందు బెంచీలమీద సంచి యొడిలో బెట్టుకొని పిలుపుకొఱకు కాచుకొనుటయే వృత్తియైనవాడగుటచే ఆటలోనైన నొక్క రెప్పపాటు కాచుకొనజాలనని యాతని మొండిపట్టు. మాన్‌సూన్ టర్బో యను పాత పందెపుటాట యాతని ప్రాణము. తెరమీద వాన గురియుచుండగా సముద్రతీరమార్గమున నెఱ్ఱకారు జలధారలను చీల్చుకొనిపోవుచు మలుపుమలుపునను ప్రక్కకు జాఱి మరల దారిబట్టుట యందలి సౌఖ్యమును ఆతడు వర్ణింపదొడగెనా బల్లమీది టీ చల్లారిపోవలసినదే. సంఘమున నా యాట నాడనివాడు లేడు. ఆడనన్న నూరుకొనునా ఆతడు! స్వభావముచే మంచివాడే గాని కాలుగాలిన పిల్లివలె నొకచోట నిలువడు. ఏ కథనైనను మొదటి మూడు వీథులు నడిచి విడిచిపెట్టును. అతని బీరువానిండ ఆరంభములే యుండెను.

రెండవవాడు గంటి సోమయాజులు. ఓడరేవు కచేరీలో గుమాస్తా. ఆ గదియు ఆ టీవీయు ఆయనవే. రోల్ ప్లేయింగ్ ఆటలలో ఆయన చూడని యంతము లేదు. మితభాషి. నియమముల విషయమున మాత్రము చాదస్తుడని చెప్పక తప్పదు.

ఆనాడు సంఘమునకు సత్యవేణి చాలనాళ్లకు మరల వచ్చెను. జగన్నాథపురమున నొక బడిలో డ్రాయింగు టీచరు. బాల్యమున చెల్లెలు హైమతో గూడి వీడియో గేముల యద్దె కొట్టులో పోటీలుపడి యాడినది. పెద్దయైన తరువాతను అక్కచెల్లెండ్రు ఆదివారము నాడు ఆట విడువలేదు. హైమ గడచిన యేడు జబ్బుచేసి యాసుపత్రిలోనే పోయెను. అటుపిమ్మట సత్యవేణి సంఘమునకు వచ్చుట మానివేసెను. ఇటీవల వానలో స్కూటరు జాఱి కుడిచేయి మణికట్టు విఱిగి కట్టు పడినది. ఇంట నూరక కూర్చుండజాలదు, ఏ పనియు చేయజాలదు, పుస్తకము తెఱచిన ముగింపుపుట తలచుకొని మూసివేయును. అట్టి స్థితిలో నామె మేడమెట్లెక్కి వచ్చి కట్టుచేతిని కొంగుతో గప్పుకొని కూర్చుండి తన కేమి కావలెనో చెప్పెను.

“ఒక్క చేత్తో నెమ్మదిగా ఆడుకునేదేదైనా చెప్పండి. పాతదైనా పర్లేదు. కానీ చివర్లో ఎవ్వరూ పోకూడదండి. మా హైమ పోయిన కాణ్ణుంచి ఏ కథా చివరిదాకా చూళ్ళేకపోతున్నాను.”

సోమయాజులు కన్నులు మూసికొని తలలోని బీరువా వెదకనారంభించెను. ఆయన యట్లు వెదకి చెప్పియుండినచో నీ కథయే లేకపోవును. కాని త్రిమూర్తులు కాచుకొనగలడా? ఒకరు దుఃఖమున నుండి యడుగుచుండగా జవాబులేక కూర్చుండుట యాతనికి ముండ్లమీద గూర్చుండుట. ఆమె చేతికి పందెములు పనికిరావు. నెమ్మదిగల యాటలలో నాతని కెఱుకపడినది లాంటర్న్ ఫోర్డ్ ఒక్కటే. తెనుగున దీపపురేవనదగు నా యాటలో నిరువు రక్కచెల్లెండ్రు వఱదకు ఊరుగోల్పోయి దీపము చేతబట్టి నదులు దాటుచు స్వస్థలమున కేగుచుందురు. ఆతడు దానిని ఎన్నడో ప్రారంభించి మొదటి రేవు దాటిన కొంతదవ్వునకే క్రొత్త పందెపు డిస్కు దొరకగా విడిచిపెట్టియుండెను. అయినను ఆ డిస్కుపెట్టె యట్టమీద నిరువురును చేయిచేయి పట్టుకొని నవ్వుచుండిన బొమ్మ యాతనికి చక్కగా జ్ఞాపకమున్నది. అట్టమీద నవ్వుచున్నవారు కడపట నేల యేడ్తురని యాతని తర్కము. ఏమి తర్కమో!

“లాంటర్న్ ఫోర్డ్ ఆడండి టీచరుగారండి. పూచీ నాది. ఇద్దరూ కలిసే ఇంటికెళ్తారు,” అని యాతడు పలికెను. పలికి యూరకుండక మొదటి రేవువద్ద నొక ముసలమ్మ తగులుననియు దాని సోది వినుచు గూర్చున్న తెల్లవాఱుననియు బటను నొక్కుచు మాటలు దాటవేసి పోవలసినదనియు సలహా సైతము చేర్చెను.

సోమయాజులు కన్నులు తెఱచి త్రిమూర్తులువంక నిదానముగా జూచి, “నువ్వు చివరిదాకా ఆడావా?” అని యడిగెను.

“ఆడకుండా చెబుతానేంటండి,” అని త్రిమూర్తులు కిటికీవంక జూచెను.

అది శుద్ధాబద్ధము. ఎవ్వరికిని కీడుతలచి యాడినది కాదు, నిజమే. ఒక యాడుకూతురు కన్నులలో నొక్కనిమిషము వెలుగు చూడవలెనని తొందరపడి యాడినది. కాని తొందరలో నాడిన యబద్ధము బొంకు గాకపోవునా? సోమయాజులును తక్కువవాడు కాడు. ఆ యాటకు రెండంతములు గలవని యెఱిగియు నిది వలదన్న నంతము చెప్పినట్లగునని నియమమును కౌగిలించుకొని కూర్చుండెను. ఆయన మీద నాకు గల కోపము త్రిమూర్తులు మీది కోపముకంటె తక్కువ కాదు. సత్యవేణి మాత్రము సంఘమువారి డిస్కును ఆట యంత్రమును సంచిలో బెట్టుకొని యెన్నాళ్లకో నవ్వుచు మెట్లు దిగిపోయెను.

దినములు గడచుచుండ సంఘమువారి వాట్సాప్ గ్రూపున నామె తన ప్రయాణవార్తలు పెట్టజొచ్చెను. ఎడమచేతితో నాడుచుంటిననియు కొండదారిన తోడేళ్లు తఱిమినవనియు చెల్లెలు పెద్దదానికి దెలియకుండ దారిపొడవునను గవ్వలేఱి సంచి బరువు చేయుచున్నదనియు వ్రాయుచుండెను. మొదట పొడిపొడిగా నుండిన మాటలు పోనుపోను ఊపందుకొనెను. త్రిమూర్తులు వానిని డాక్టర్ల బెంచీలమీద చదువుకొనుచు తాను ఘనకార్యము చేసితినని లోలోన మురియుచుండెను. ఒకనా డామె, ఆ చిన్నపిల్లది ముమ్మూర్తులా మా హైమ నడకేనండి, వెనకాలే వస్తుంది కానీ పక్కకి రాదు, అని వ్రాసెను. దాని క్రింద నందఱును హృదయచిహ్నములు పెట్టిరి. త్రిమూర్తులు వ్రేలు ఫోనుమీద నాడలేదు. ఆ చిన్నది కడపట నేమగునో తానెఱుగడని మొట్టమొదటిసారిగా నాతనికి తట్టెను.

తరువాతి సోమవారమున సామర్లకోటలో నొక పిల్లల డాక్టరు గుమ్మమున గూర్చున్నవేళ వర్తమానము రానే వచ్చెను. వచ్చే ఆదివారానికి ముగింపు దగ్గరికి చేరిపోతాను, సాక్షి కూర్చోడానికి రండి, అమ్మ పెసరట్లు వేస్తానంటోంది, అని సత్యవేణి వ్రాసినది. త్రిమూర్తులు గబగబ ఫోనున వెదకెను. ఎక్కడెక్కడివారో యా యాటనుగూర్చి వ్రాసుకొన్న మాటలు దొరకెను. చిన్నది వెళ్లిపోయినపుడు నేనేడ్చితినని యొకడు వ్రాసెను. నా యాటలో నిద్దఱును కలిసియే వెళ్లిరని మఱియొకడు వ్రాసెను. అదెట్లయ్యా యని యడిగినవానికి, ఆడి చూచుకొమ్మని జవాబు. లోకమున నెక్కడకు బోయినను ఈ జాతివా రొక్కరీతివారే. లోనుండి పిలుపు రాగా త్రిమూర్తులు వినిపించుకొనక మోటారుసైకిలెక్కి కాకినాడ మార్గము బట్టెను.

కచేరీనుండి యప్పుడే వచ్చి చొక్కా విప్పుచున్న సోమయాజులు ఎదుట నాతడు నిలువబడి తా నా యాట ముగింపలేదని యొప్పుకొనెను. సోమయాజులు తిట్టలేదు. నాకు తెలుసులే యనియు ననలేదు. లోనికి బోయి తన సొంత డిస్కును ఇంకొక పాత యంత్రమును గుడ్డలో జుట్టి తెచ్చి చేతిలో బెట్టెను.

“నేను చెబితే నియమం పోతుంది. నువ్వు ఆడితే పోదు. వెళ్ళు,” అనెను.

త్రిమూర్తులు వారమంతయు సెలవు పెట్టెను. పందెపుటాటలవాడు నెలల కథను వారములో దాటవలసివచ్చెను. ఆతడాడిన విధము చూచిన నా యాట చేసినవారు తలబాదుకొనియుందురు. ఊరివారు మాటలాడవచ్చిన నోరుతెఱవకమునుపే బటను నొక్కి మూయించును. మొదటి రేవువద్ద ముసలమ్మ కనబడి, నాయనా యుప్పు తడిసిపోయిన దని యారంభించులోపలనే టకటక నొక్కి దాటిపోయెను. పాటలు విననొల్లడు. పూలతోటలయందు నిలువనొల్లడు. కూర్చుండి యాడలేక లేచి నిలుచుండియు నిలుచుండలేక గదిలో నటునిటు దిరుగుచు వైరు చాలినంతమేఱ నడయాడుచు నడుమ నడుమ గోడమీది యెఱ్ఱకారు బొమ్మవంక జూచి నిట్టూర్చుచు నాతడు పడినపాటు పగవానికి వలదు. బొటనవ్రేలు వాచెను. అక్కచెల్లెండ్రు కొండలు దాటి యడవులు దాటి రెండవనదియు దాటిరి.

బుధవారము మధ్యాహ్నమున డాక్టరొకడు ఫోను చేయగా నాతడు కంట్రోలర్ చాపమీద బెట్టి వరండాలోనికి బోయి కొంతసేపు మాటలాడి వచ్చెను. వచ్చి చూచునప్పటికి తెరమీద విచిత్రము గనబడెను. అక్క నిలిచిపోగా వెనుక నున్న చెల్లెలు బండచెంత చతికిలబడి చిన్న పుల్లతో నిసుకలో నేదో గీయుచుండెను. గీసి చెఱుపును. చెఱిపి మరల గీయును. ఎవ్వరైన నాగిననే గాని యా పిల్ల కూర్చుండదని త్రిమూర్తులునకు దెలిసెను. ఇంతకాలము ఆతడాగలేదు గనుక అది కూర్చుండలేదు. ఆతడు కంట్రోలర్ అందుకొనబోయి మానెను. సత్యవేణి యీ పిల్ల కూర్చుండగా నెన్నిమార్లు చూచెనో గదా యని తలపు వచ్చెను. పిమ్మట మరల తొందర యావహించి బటను నొక్కెను. పిల్ల లేచి వెనుక నడిచెను.

ఆదివారము ఉదయమున కాఫీ వేళకు ఆతడు కడపటి నదిని చేరెను. తీరమున పడవవాడు నిలుచుండియుండెను. ఆవలియొడ్డున నిండ్ల దీపములు మినుకుమినుకుమనుచున్నవి. అక్కయు చెల్లెలును పడవను సమీపించిరి. ఈ నీటిమీద దీపము లేనివారిని ఎక్కించుకొనరాదని పడవవాడు పల్కెను. చెల్లెలి చేతిలో దీపమున్నది. అక్క దీపము వఱదలో గొట్టుకొనిపోయి యెన్నాళ్లో యైనది. మొదటి రేవులో నవ్వ నీకు దీపమియ్యలేదా, ఆమె మాట ముగియు వఱకు నిలిచినవారికి తన పెనిమిటి దీపము నిచ్చును గదా, యని పడవవాడడిగెను. అక్క తలవంచుకొనెను. వెనుకకు బోదమన్న వంతెన కూలిపోయినది. పడవ చిన్నదానిని మాత్రమే యెక్కించుకొని సాగిపోయెను. చిన్నది నీటి నడుమనుండి దీపము పైకెత్తి యూపెను. తెర నల్లబడెను.

త్రిమూర్తులు టీవీ కట్టివేసెను. అవ్వ సోది వినవలదని సత్యవేణికి జెప్పిన నాలుక తనదే. ఆమెకు చెల్లెలిని మరియొకమాఱు దూరము చేసినవాడు తానే. ఇంకొకని మీదికి నెట్టుటకు సందులేదు. ఆతనికి సిగ్గును దుఃఖమును ఒక్కసారిగా ముంచుకొనివచ్చెను.

గాలి యుదయమునుండియు విసరుచునే యుండెను. ఆతడు మోటారుసైకిలుమీద జగన్నాథపురము వంతెన నడుమకు వచ్చి యాపెను. తిరిగిపోయి జ్వరమని వర్తమానము పెట్టిన పోవును గదా యని తోచెను. సాక్షి లేనిదే యామె యంతము చూడదు. చూడనినాళ్లు చిన్నది పడవ యెక్కదు. ఈ యాలోచన మంచిదే యనిపించెను గాని యట్లయిన నామె యెన్నటికిని వాకిట గూర్చుండి యెదురుచూచునే యని స్ఫురించెను. ఎదురుచూచుట యెట్టిదో ఆతనికి వృత్తిరీత్యా తెలియును. వెనుకనుండి లారీవాడు హారను మ్రోగింపగా నాతడు ముందుకే సాగెను.

సత్యవేణి తల్లి తలుపు తీసి, రా బాబూ యని లోనికి పిలిచి వంటింటిలోనికి బోయెను. ముందుగదిలో టీవీ వెలుగుచుండెను. సత్యవేణి చేతికట్టు విప్పివేసియుండిరి. మణికట్టు సన్నబడి తెల్లగా నుండెను. త్రిమూర్తులు కూర్చుండకయే చెప్పదలచినది చెప్పివేసెను.

“టీచరుగారండి, ఆ ఆట నేను చివరిదాకా ఆడకుండానే మీకు చెప్పేశాను. ఇవాళ పొద్దున్నే చూశాను ముగింపు. ముసలమ్మ మాట వినాలంట. వినొద్దన్నది నేనే. మీరు ఇక్కడితో ఆపేయండి. దయచేసి చూడకండి.”

సత్యవేణి మణికట్టును ఎడమచేతితో నిమురుకొనెను.

“చూసేశానండి,” అనెను. “శుక్రవారమే. ఆగలేకపోయాను. దీపం ఊపుతూ వెళ్ళిపోయింది. మీ మీద బాగా కోపం వచ్చింది. ఫోను చేసి నాలుగు తిడదామనుకున్నాను.”

తిట్టుడని త్రిమూర్తులు మనసార కోరుకొనెను. ఆమె తిట్టలేదు. తన మనస్సునందలి మఱియొక సంగతి చెప్పెను. హైమ యాసుపత్రిలో నున్న దినములలో నెప్పుడును ఏదో యొకటి చెప్పుచునే యుండెడిదట. ప్రక్కమంచపు ముసలిదానినిగూర్చి, కిటికీమీద వ్రాలు పావురమునుగూర్చి, చిన్ననాటి యద్దె కొట్టునుగూర్చి. తాను మందులకును రిపోర్టులకును పరుగులు పెట్టుచు నొక్కటియు పూర్తిగా వినలేదట.

“ఉండవే, తరవాత చెబుదువుగాని అనేదాన్నండి,” అని యామె చెప్పెను. “మీరు చెప్పబట్టి బటన్ నొక్కాననుకున్నారా? మీరు చెప్పకపోయినా నొక్కేసేదాన్నే.”

ఆ మాటకు త్రిమూర్తులు కన్నులు చెమర్చెను. ఇట్టియెడ నోదార్పుమాట యొకటి ఠక్కున విసరుట యాతని యలవాటు. ఆనాడాతడు విసరలేదు.

ఆమె కన్నులు తుడుచుకొని కంట్రోలర్ తీసి యాతని చేతికిచ్చెను. ఆట మరల మొదటినుండి యారంభించి యక్కచెల్లెండ్రను మొదటి రేవు వఱకు నడిపించి యచ్చట నిలిపియుంచినదట. నిన్నటినుండియు నవ్వ ముందు నిలుచుండి యొంటరిగా వినుటకు ధైర్యము చాలక టీవీ కట్టివేయుచున్నదట.

“మీరు నాకు ఆట చెప్పారు కదండి. ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను. ఇదే ఆట. ఇక్కణ్ణుంచి మీరు ఆడండి, నేను సాక్షి కూర్చుంటాను.”

“ఆయ్, అలాగేనండి,” అని త్రిమూర్తులు చాపమీద బాసెనపట్టు వేసికొని కూర్చుండెను.

తెరమీద సంజవేళ. రేవుమెట్లమీద నవ్వ మేకను ప్రక్కన గట్టుకొని కూర్చుండియున్నది. ఆమె మాటలు తెర యడుగున నింగిలీషున నొక్కొక్క పంక్తిగా వచ్చి ముట్టకున్నచో తమంతట తామే జరుగుచుండెను. త్రిమూర్తులు బొటనవ్రేలు రెండుమాఱు లదరెను. అంతలో సత్యవేణి తల్లి పెసరట్ల పళ్లెము పట్టుకొని వచ్చి తెరవంక జూచి, “ఏమంటోంది బాబూ ఆవిడ?” అని యడిగెను. ఆమెకు ఇంగిలీషు రాదు. త్రిమూర్తులు బదులుచెప్పక తప్పినదికాదు. అవ్వ పలుకు నొక్కొక్క ముక్కను తెనిగించి చదువనారంభించెను.

ఉప్పు తడిసిపోయిన దట. మేక కుంటుచున్న దట. పెనిమిటి యీ రేవుననే పడవ నడిపెడివా డట. వానికి పులుసు పొగలు గ్రక్కుచు నుండవలె నట. చల్లారిన పులుసు పెట్టిననాడు మాటలాడకయే తిని పడవకు బోయి యచ్చటనుండి పెద్దగా పాడెడివా డట, కోపము తనపై గాదు పులుసుపై నని తెలియుటకు. ఆ పాట యిప్పుడు జ్ఞాపకము లే దట. నదికి జ్ఞాపకముండునేమో యని సంజవేళ వచ్చి కూర్చుండు నట. ఇందులో దారిచూపునది లేదు, నిధి చెప్పునది లేదు, ఆటకు పనికివచ్చునది యొక్క ముక్కయు లేదు. తల్లి పళ్లెము చేతబట్టుకొనియే మెల్లగా నేల గూర్చుండెను. సత్యవేణి మోకాళ్లు కౌగిలించుకొని వినుచుండెను. బయట గాలి కిటికీతలుపును కొట్టుచుండినను లేచి గడియవేసినవారు లేరు.

అంతలో నవ్వ మాట నిలిచిపోయెను. తెర కదలదు. పంక్తులు రావు. పాత యంత్రము బిగుసుకొనిపోయినదని యెవ్వరికైన దోచును. ఎంతటి సహనము గలవాడైనను బటను నొక్కుచోటు ఇదియే. త్రిమూర్తులు బొటనవ్రేలు తనకు దెలియకయే బటనును తాకెను. తాకినంతనే యాతడు కంట్రోలర్‌ను చాపమీద బెట్టి చేతులు రెండును తొడలక్రింద నిఱికించుకొనెను.

“ముసల్ది కదా, ఊపిరి తీసుకుంటోంది,” అని తల్లి యనెను. “ఉండండి.”

వారుండిరి. ఎంతసేపుండిరో చెప్పజాలను. అక్క వెనుక నిలుచుండిన చిన్నపిల్ల యిటునటు జూచి తొందరపెట్టువా రెవ్వరును లేరని తెలిసికొని మెట్టుమీద చతికిలబడి పుల్ల యందుకొనెను. సత్యవేణి నోటికి కొంగు అడ్డుపెట్టుకొనెను. అప్పుడవ్వ కదలెను. ఒడిలోని మూట విప్పి మసిబాఱిన యొక దీపము తీసి కొంగుతో తుడిచి యక్క చేతికిచ్చి, ఇది మా యాయనది, తీసికొనిపొమ్మనెను. త్రిమూర్తులు దానిని తెనిగింపబోయి తల్లివంక జూడగా నామె, తెలిసింది లే బాబూ, యని తలయూపెను.

దీపము చేతికి వచ్చినది. ఇక నా రేవునం దాటకు వలసిన పని యేమియు లేదు. బటను నొక్కి దాటిపోవచ్చును. పెసరట్లు చల్లారిపోయినవి, ముందు రెండు నదులు, దారిపొడవున తోడేళ్లు నున్నవి. అవ్వ మరల నోరు తెఱచి మేకకు కుంటితన మెట్లు వచ్చెనో మొదటినుండి చెప్పనారంభించెను. ఆ గదిలో నెవ్వరును కంట్రోలర్ ముట్టలేదు.